సంఘాన్ని మార్చే హక్కు: సింగరేణి గుర్తింపు ఎన్నికల చరిత్ర (1998–2023)

వ్యాససంగ్రహం

పనిచేయని కార్మికసంఘాన్ని పక్కకు తప్పించి మరొకదానిని నిలుపుకొనే మార్గం కార్మికునికి ఏది? భారతీయ కార్మికచట్టం ఈ ప్రశ్నకు చాలాకాలం నేరుగా సమాధానం చెప్పలేదు. సింగరేణి బొగ్గుగనుల్లో 1998 నుండి 2023 వరకు ఏడుసార్లు జరిగిన రహస్య ఓటింగు ఆ లోటును కొంతవరకు పూడ్చింది. ఆ ఏడు ఎన్నికల చరిత్రను పరిశీలించి, సంఘాన్ని మార్చే అధికారం కార్మికునికి దక్కినా ఆ అధికారాన్ని ఎప్పుడు వినియోగించాలో నిర్ణయించే అధికారం మాత్రం దక్కలేదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. అమెరికా, భారతదేశాల విమానచోదకుల సంఘాల అనుభవాన్ని పోలిక కోసం స్వీకరించడమైంది.

కీలకపదాలు: గుర్తింపు సంఘం, ప్రాతినిధ్య సంఘం, రహస్య ఓటింగు, సింగరేణి, క్రమశిక్షణ నియమావళి, విమానచోదకుల సంఘాలు.

1. ఉపోద్ఘాతం

గోదావరి డెల్టాలో బొగ్గుగనులు లేవు. అయితే ప్రాణహిత–గోదావరి లోయలో పరచుకున్న బొగ్గుపొరల దక్షిణపు కొస పూర్వపు పశ్చిమగోదావరి జిల్లా మెట్టప్రాంతంలోని చింతలపూడి దాకా వస్తుంది. ఆ లోయకు ఎగువన, ఇల్లెందు పరిసరాల్లో 1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాలు సాగించింది. 1920 డిసెంబరులో ఆ సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. నేడు అందులో రాష్ట్రప్రభుత్వానికి 51 శాతం, కేంద్రప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. ఈ వాటాల లెక్క వ్యాసంలో ముందుముందు అవసరమవుతుంది.

డెల్టా ప్రాంతానికి సంఘాల సమస్య పరాయిది కాదు. రాజమహేంద్రవరం కాగితపు మిల్లులో 2024 ఏప్రిల్‌లో వేతన ఒప్పందం కోరుతూ కార్మికులు సమ్మెకు దిగారు, యాజమాన్యం లాకౌటు ప్రకటించింది. ఒకే ఆవరణలో పలు సంఘాలు ఉన్న చోట ఒప్పందంపై ఎవరు సంతకం చేయాలి, చేసినవారు కార్మికుల నమ్మకం కోల్పోతే వారిని ఎలా తప్పించాలి అన్న ప్రశ్నలు ఇటువంటి ప్రతి సందర్భంలోనూ తలెత్తుతాయి. వాటికి పాతికేళ్ల పొడవునా వరుసగా సమాధానాలు దొరికే చోటు తెలుగునేలపై సింగరేణి. అందుచేత డెల్టా నుండి నదికి ఎదురుగా పైకి వెళ్లవలసి వస్తున్నది.

ఈ సమస్య గనికార్మికునికి మాత్రమే పరిమితమైనది కూడా కాదు. 2009లో జెట్ ఎయిర్‌వేస్ విమానచోదకులు ‘నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్’ పేరుతో కొత్త సంఘాన్ని నమోదు చేసుకున్నారు. యాజమాన్యం ఇద్దరు చోదకులను ఉద్యోగం నుండి తొలగించగా, సెప్టెంబరులో వందలాది మంది అనారోగ్యకారణం చూపి మూకుమ్మడిగా సెలవు పెట్టారు. సంఘాన్ని నమోదు చేసుకోవడం తేలికే, దానితో యాజమాన్యం మాట్లాడేలా చేయడమే కష్టమని ఆ ఉదంతం తెలియజేసింది. ఎయిర్ ఇండియాలో మరొక కోణం కనబడింది. 2011లో ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్ సమ్మెకు దిగినప్పుడు, 2012లో ఇండియన్ పైలట్స్ గిల్డ్ దిగినప్పుడు యాజమాన్యం వెనువెంటనే చేసిన పని ఒక్కటే. అది ఆయా సంఘాల గుర్తింపును రద్దు చేయడం. నెలకు లక్షల్లో జీతం అందుకునే చోదకునికైనా, బాయిలోకి దిగే కోల్‌కట్టర్‌కైనా ఈ విషయంలో వర్తించే న్యాయం ఒక్కటే.

2. ‘గుర్తింపు’: మాట, చట్టం

తెలుగులో ‘గుర్తింపు’ అనే పదానికి ఎప్పుడూ ఒక కర్త ఉంటాడు. గుర్తించేవాడు లేనిదే గుర్తింపు లేదు. సింగరేణి వ్యవహారభాషలో ‘గుర్తింపు సంఘం’ అన్నప్పుడు ఆ గుర్తించేవాడు కార్మికుడా, యాజమాన్యమా అన్నది మాటలో తేలదు. చట్టం చరిత్రలోనూ ఇదే అస్పష్టత కొనసాగింది.

1926 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం ఏడుగురు కార్మికులు కలిస్తే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చునని చెప్పింది కాని, ఆ సంఘంతో యజమాని చర్చించి తీరాలని చెప్పలేదు. గుర్తింపును తప్పనిసరి చేసే సవరణను 1947లో ఆమోదించినా దానిని అమలులోకి తేలేదు. ఆ ఖాళీలోకి 1958 నాటి క్రమశిక్షణ నియమావళి వచ్చింది. ఇది చట్టం కాదు. కార్మికసంఘాలు, యజమానులు, ప్రభుత్వం కలిసి ఒప్పుకున్న మర్యాద. దాని ప్రకారం సంఘాల సభ్యత్వాన్ని లెక్కించి పెద్దసంఘానికి గుర్తింపు ఇవ్వాలి. ఒకసారి గుర్తింపు పొందిన సంఘం స్థానాన్ని రెండేళ్లపాటు కదిలించరాదు. ఈ ‘రెండేళ్లు’ అన్న మాట 60 ఏళ్ల తరువాత సింగరేణిలో పెద్ద వివాదానికి మూలమైంది.

సభ్యత్వాన్ని లెక్కించే పద్ధతిలో ఉన్న లోపం స్పష్టమే. సభ్యత్వ రశీదు, జీతం నుండి చందా కోత యాజమాన్యానికి, సంఘ నాయకులకు తెలిసే విషయాలు. ఫలానా సంఘం నుండి వైదొలగితే క్వార్టరు రాదేమో, బదిలీ అవుతుందేమో అని భయపడే కార్మికుడు రశీదును మార్చుకోడు. ఒకే కార్మికుడు రెండు మూడు సంఘాల రశీదులు జేబులో పెట్టుకోవడమూ ఉంది. అంటే ఈ పద్ధతిలో పనిచేయని సంఘాన్ని మార్చాలంటే ప్రతి కార్మికుడూ తన అసమ్మతిని బహిరంగంగా ప్రకటించుకోవాలి. రహస్య ఓటింగు ఆ భారాన్ని తొలగిస్తుంది. జాతీయస్థాయిలో ఐఎన్‌టీయూసీ సభ్యత్వ పరిశీలన వైపు, ఏఐటీయూసీ రహస్య ఓటింగు వైపు దశాబ్దాలపాటు వాదించాయి. ఎవరి లెక్కలు వారివి. చివరకు ఫుడ్ కార్పొరేషన్ ఉద్యోగుల సంఘం కేసులో 1995లో సుప్రీంకోర్టు రహస్య ఓటింగు నిర్వహణకు పద్ధతిని నిర్దేశించింది. దానికి మూడేళ్ల తరువాత సింగరేణిలో ఓటుపెట్టె వచ్చింది.

3. ఓటుపెట్టెకు ముందు

సింగరేణి సంఘచరిత్ర నిజాం పాలనాకాలంలో, 1940లలో మొదలవుతుంది. మఖ్దూం మొహియుద్దీన్, రాజబహదూర్ గౌర్, దేవూరి శేషగిరి వంటి కమ్యూనిస్టు నాయకుల కృషితో ఏర్పడిన సంఘం ఏఐటీయూసీ అనుబంధంగా నిలదొక్కుకుంది. స్వాతంత్ర్యానంతరం ఐఎన్‌టీయూసీ, తరువాతి దశాబ్దాల్లో హెచ్ఎంఎస్, బీఎంఎస్, సీఐటీయూ, టీఎన్‌టీయూసీ వచ్చాయి. పార్టీ చీలినప్పుడల్లా సంఘం చీలింది. కొన్నిసార్లు పార్టీ చీలకపోయినా సంఘం చీలింది.

సంఘాలు ఎక్కువ కావడం ఒక్కటే కాక, వాటిపై కార్మికుల నమ్మకం సడలడం కూడా 1980ల నాటి ప్రధాన పరిణామం. వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం తగిన నోటీసు లేకుండా పదిమందికి తక్కువ కాకుండా కార్మికులు కూడబలుక్కుని పనికి రాకపోతే ఎనిమిది రోజుల వరకు జీతం కోసుకునే వీలుండేది. ఈ కోతకు వ్యతిరేకంగా 1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. పాతసంఘాల అదుపును దాటి సాగిన ఆ పోరాటం నుండి సింగరేణి కార్మిక సమాఖ్య, అంటే ‘సికాస’, పుట్టింది. పీపుల్స్‌వార్ ప్రభావంలో ఉన్న ఈ సంస్థకు యాజమాన్యం గుర్తింపు లేదు. అది గుర్తింపును కోరనూ లేదు. అయినా అది సమ్మె అంటే బాయిలు ఆగేవి. ఏ సంఘానికి గుర్తింపు ఉన్నదో దానికి కార్మికులపై పట్టు లేదు, పట్టు ఉన్నదానికి గుర్తింపు లేదు. 1992లో ప్రభుత్వం పీపుల్స్‌వార్‌తో పాటు సికాసను నిషేధించింది.

పనిచేయని సంఘాన్ని మార్చడానికి ఒక మార్గం సికాస రూపంలో కనబడిందనడం అతిశయోక్తి కాదు. అది పాతసంఘాన్ని ఓడించలేదు, దానిని అప్రస్తుతం చేసింది. అయితే ఆ మార్గం మూల్యం కూడా పెద్దదే. ఒప్పందంపై సంతకం చేయగల ప్రతినిధి లేని పోరాటంలో గెలిచినదాన్ని కాగితంపై పెట్టించుకోవడం కష్టం. నిర్బంధం తీవ్రమైనప్పుడు దాని భారం సాధారణ కార్మికునిపై పడింది.

1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉద్యోగులున్న కంపెనీలో ఏడాదికి వందల సంఖ్యలో సమ్మెలు జరిగేవి. ఒక బాయిలో మస్టరు గొడవకు ఒకరోజు, మరొక బాయిలో బదిలీ గొడవకు ఒకరోజు అన్నట్లుగా పని ఆగేది. నష్టాల్లో కూరుకుపోయిన కంపెనీ 1992లో, మళ్లీ 1996లో పారిశ్రామిక, ఆర్థిక పునర్నిర్మాణ మండలి గడప తొక్కింది. ఈ నేపథ్యంలో రహస్య ఓటింగును కార్మికులు పోరాడి సాధించుకున్న విజయంగా మాత్రమే చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. ఒక్కరితో మాట్లాడితే చాలునన్న యాజమాన్యపు అవసరం, నమ్మకమైన ప్రతినిధి కావాలన్న కార్మికుని అవసరం ఒకేచోట కలిశాయి. రెండింటిలో మొదటిదే బలమైనదని తరువాతి చరిత్ర సూచిస్తుంది.

4. ఏడు తీర్పులు

గనులు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కేంద్రప్రభుత్వ పరిధిలోకి వచ్చేవి గనుక ఈ ఎన్నికలను కేంద్ర కార్మికశాఖ అధికారులు నిర్వహించారు. కంపెనీ మొత్తం మీద ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న సంఘం ‘గుర్తింపు సంఘం’. ఒక్కొక్క ఏరియాలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నది ఆ ఏరియాకు ‘ప్రాతినిధ్య సంఘం’. కంపెనీ విధానాలపై మొదటిది, ఏరియా స్థాయి సమస్యలపై రెండవది యాజమాన్యంతో చర్చిస్తుంది.

1998 సెప్టెంబరులో జరిగిన తొలి ఎన్నికలో ఏఐటీయూసీ గెలిచింది. 2001లో మళ్లీ అదే గెలిచింది. 2003లో ఐఎన్‌టీయూసీ దానిని ఓడించింది. 2007లో ఏఐటీయూసీ తిరిగి వచ్చింది. 2012 జూన్‌లో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం (టీబీజీకేఎస్) గెలిచి, 2017 అక్టోబరు 5న దాన్ని నిలుపుకుంది. 2023 డిసెంబరు 27న ఏఐటీయూసీ మళ్లీ వచ్చింది. ఏడు ఎన్నికల్లో నాలుగుసార్లు పదవిలో ఉన్న సంఘం మారింది. ఎక్కడా హింసతో కాదు, సంఘం చీలికతో కాదు, ఓటుతో మారింది. భారతీయ కార్మికోద్యమంలో ఇది చిన్న విషయం కాదు.

ఈ ఫలితాలను ఆ సమయంలో రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీతో కలిపి చదివితే ఒక ఆసక్తికరమైన అంశం బయటపడుతుంది. 1998, 2001, 2003 ఎన్నికల నాటికి తెలుగుదేశం అధికారంలో ఉంది. దాని అనుబంధ టీఎన్‌టీయూసీ ఒక్కసారీ గెలవలేదు. 2003లో గెలిచినది ప్రతిపక్ష కాంగ్రెస్ అనుబంధ ఐఎన్‌టీయూసీ. 2007లో కాంగ్రెస్ అధికారంలో ఉండగా ఐఎన్‌టీయూసీ ఓడింది. 2012లోనూ కాంగ్రెస్సే అధికారంలో ఉంది. గెలిచినది ప్రతిపక్ష టీఆర్ఎస్‌కు చెందిన సంఘం. 2023లో కాంగ్రెస్ అధికారంలోకి వచ్చిన మూడువారాలకే ఎన్నిక జరిగినా, అంతటి ఊపులోనూ ఐఎన్‌టీయూసీ 1,999 ఓట్ల తేడాతో వెనుకబడింది. ఏడింటిలో ఆరుసార్లు అధికారపార్టీ సంఘం ఓడిపోయింది. 2017 ఒక్కటే మినహాయింపు.

దీనిని యాదృచ్ఛికమని తోసిపుచ్చడం కష్టం. సింగరేణిలో యజమాని రాష్ట్రప్రభుత్వమే. యజమాని పార్టీకే చెందిన సంఘం యజమానిని ఏమడుగుతుందన్న సహజమైన సందేహం కార్మికుని ఓటులో పనిచేసిందని భావించవచ్చు. పనిచేయని సంఘమంటే కార్మికుని నిర్వచనంలో ఎక్కువసార్లు ‘అడగలేని సంఘం’ అని అర్థం. 2023లో గెలిచిన ఏఐటీయూసీకి అనుబంధమున్న సీపీఐ ఆనాటికి కాంగ్రెస్‌కు మిత్రపక్షమే కావడం ఈ వాదనకు ఒక పరిమితి. అయినా మిత్రపక్షానికి, పాలకపక్షానికి మధ్య ఉన్న దూరాన్ని కార్మికులు గుర్తించారనే 1,999 ఓట్ల తేడా చెబుతున్నది.

2012 నాటి మార్పు ఈ వరుసలో ప్రత్యేకమైనది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకలజనుల సమ్మెలో సింగరేణి కార్మికులు 35 రోజులు పాల్గొన్నారు. అది వేతనం కోసం చేసిన సమ్మె కాదు, రాష్ట్రం కోసం చేసిన సమ్మె. జాతీయసంఘాల నాయకత్వం ఈ రెండింటినీ వేరువేరుగా చూసేందుకు అలవాటు పడింది. వారసత్వ ఉద్యోగాల పునరుద్ధరణ వంటి కోరికలను రాష్ట్ర సాధనతో ముడిపెట్టిన టీబీజీకేఎస్‌కు ఆ ఊపు కలిసివచ్చింది. ఇక్కడ ఓడిన సంఘం తన పనిలో విఫలమైందని కచ్చితంగా అనలేము. కార్మికుడు సంఘాన్ని కొలిచే కొలబద్దే మారింది.

గెలిచిన సంఘంలో నాయకత్వ తగాదాలు త్వరలోనే రచ్చకెక్కాయి. అయినా 2017లో అది 4,217 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. అధికారంలో ఉన్న ముఖ్యమంత్రి స్వయంగా హామీలిచ్చిన ఎన్నిక అది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని అదే ఏడాది మార్చిలో హైకోర్టు కొట్టివేసిన తరువాత, దాని స్థానంలో కారుణ్య నియామకాలన్న మాట ముందుకు వచ్చింది. అడగగల సంఘం కంటే ఇవ్వగల ప్రభుత్వానికి దగ్గరగా ఉన్న సంఘం మేలని కార్మికులు ఒక్కసారి లెక్కవేశారు. బిడ్డకు ఉద్యోగం వస్తుందా రాదా అన్నది ముందున్నప్పుడు ఆ లెక్కను తప్పుపట్టడం సులభం కాదు. అయితే ఆ సంఘం బలం పార్టీ అధికారం నుండి వచ్చిన బలమే. 2023 డిసెంబరు 3న బీఆర్ఎస్ అధికారం కోల్పోగానే సంఘంలో రాజీనామాలు మొదలయ్యాయి. డిసెంబరు 27 నాటికి ఓటుపత్రంపై దాని పేరు ఉంది, పోటీలో అది లేదు. రెండుసార్లు గెలిచిన సంఘం మూడువారాల్లో కరిగిపోవడం సింగరేణి చరిత్రలో మరెన్నడూ జరగలేదు.

5. ఓటు ఒకరికి, వేతన చర్చ మరొకరితో

సంఘాన్ని మార్చినా పని ఎందుకు మారలేదన్న ప్రశ్నకు ఒక నిర్మాణపరమైన సమాధానం ఉంది. బొగ్గుగని కార్మికుల మూలవేతనం కొత్తగూడెంలో నిర్ణయం కాదు. కోల్ ఇండియాకు, సింగరేణికి కలిపి ఏర్పాటైన ఉమ్మడి ద్వైపాక్షిక సంఘం, అంటే జేబీసీసీఐ, జాతీయ వేతన ఒప్పందాన్ని కుదుర్చుతుంది. అందులో స్థానం జాతీయస్థాయి కేంద్రసంఘాలదే. సింగరేణిలో ఓటు గెలిచినంత మాత్రాన ఒక ప్రాంతీయసంఘానికి అక్కడ కుర్చీ రాదు.

2017 అక్టోబరు 5న టీబీజీకేఎస్ గెలిచింది. సరిగ్గా ఐదురోజులకు, అక్టోబరు 10న, పదవ వేతన ఒప్పందంపై సంతకాలయ్యాయి. కార్మికుడు ఓటుతో తిరస్కరించిన ఏఐటీయూసీ ఆ చర్చల్లో ఉంది. కార్మికుడు ఎన్నుకున్న సంఘం లేదు. 2023 మే 20న కుదిరిన పదకొండవ ఒప్పందం విషయంలోనూ ఇదే పరిస్థితి. అందులోని 19 శాతం కనీస ప్రయోజనం సింగరేణి కార్మికునికీ అందింది, కాని దాన్ని తెచ్చినది అతడి గుర్తింపు సంఘం కాదు.

గుర్తింపు సంఘానికి మిగిలినది లాభాల్లో వాటా శాతం, క్వార్టర్లు, బదిలీలు, పదోన్నతులు, వైద్యం, మెడికల్ బోర్డు వంటి అంశాలు. ఇవి చిన్నవి కావు. పని చేయలేని స్థితికి చేరిన కార్మికునికి మెడికల్ బోర్డు నిర్ణయం జీవితాన్ని మార్చే నిర్ణయం. అయితే ఈ అంశాలన్నీ వ్యక్తుల పేర్లతో నడిచేవి. ఇటువంటి పనుల్లో సంఘం హక్కును అడిగే సంస్థగా కాక సిఫార్సు చేసే సంస్థగా మారే ప్రమాదం ఎక్కువ. ఏ సంఘం గెలిచినా కొన్నాళ్లకు దాని పిట్ కార్యదర్శి చుట్టూ పైరవీల గుంపు చేరుతుందన్న ఫిర్యాదు గేట్ మీటింగుల్లో ప్రతిపక్ష సంఘాలు వంతులవారీగా చేస్తూ వచ్చినదే. మనుషులు మారినా ఫిర్యాదు మారకపోవడానికి కారణం మనుషుల్లో కాక ఈ ఏర్పాటులో వెతకడం సమంజసం.

6. తేదీ ఎవరి చేతిలో?

మొదటి ఎన్నికకు, రెండవదానికి మధ్య రెండున్నరేళ్లు కూడా లేవు. రెండవదానికి, మూడవదానికి మధ్య రెండేళ్ల పైచిలుకు. తరువాత నాలుగేళ్లు, ఐదేళ్లు, మళ్లీ ఐదేళ్లు. ఆరవదానికి, ఏడవదానికి మధ్య ఆరేళ్లకు పైగా. కార్మికునికి ఓటు చేతిలో ఉంది, కాని ఓటుకు ఓటుకు మధ్య దూరం పెరుగుతూ పోయింది.

2017 తరువాత వివాదం కాలపరిమితి చుట్టూ తిరిగింది. క్రమశిక్షణ నియమావళిని అనుసరించి కేంద్ర కార్మికశాఖ రెండేళ్లన్నది. గెలిచిన సంఘం గతంలో మాదిరిగా నాలుగేళ్లన్నది. నాలుగేళ్లు కూడా 2021లో ముగిశాయి. ఎన్నిక జరగలేదు. చివరకు విషయం హైకోర్టుకు వెళ్లింది. 2023 అక్టోబరు 28కి ఖరారైన తేదీ శాసనసభ ఎన్నికల కారణంగా డిసెంబరు 27కు మారింది. కొత్త ప్రభుత్వం వచ్చిన తరువాత ఇంధనశాఖ మరొకసారి వాయిదా కోరింది, హైకోర్టు అంగీకరించలేదు. ఓడిపోతామేమోనని అనుమానించే పక్షం వాయిదా కోరడం సహజమే. ఇక్కడ గమనించవలసినది వేరు. పాత ప్రభుత్వం, కొత్త ప్రభుత్వం రెండూ యజమాని స్థానంలోకి రాగానే ఒకే కోరిక కోరాయి.

ఈ సందర్భంలో అమెరికా విమానచోదకుల పద్ధతి పోలికకు పనికివస్తుంది. అక్కడ విమానయానరంగం 1936 నుండి రైల్వే కార్మికచట్టం పరిధిలో ఉంది. ఉన్న సంఘం పనిచేయడం లేదని చోదకులు భావిస్తే, తమలో సగం మంది సంతకం చేసిన అధికారపత్రాలను జాతీయ మధ్యవర్తిత్వ మండలికి సమర్పిస్తారు. మండలి ఎన్నిక నిర్వహిస్తుంది. సంఘానికి ధ్రువీకరణ లభించిన తరువాత రెండేళ్లపాటు కొత్త దరఖాస్తును స్వీకరించరు. మన క్రమశిక్షణ నియమావళిలోనూ రెండేళ్లే, అక్కడా రెండేళ్లే. తేడా ఏమిటంటే, రెండేళ్లు పూర్తయ్యాక అక్కడ తలుపు తట్టే అధికారం చోదకునిది. ఎన్నిక జరపాలని అతడు యజమానిని వేడుకోనక్కరలేదు. సింగరేణిలో ఆ తలుపును కార్మికశాఖ, యాజమాన్యం, రాష్ట్రప్రభుత్వం, న్యాయస్థానం కలిసి తెరవాలి.

అమెరికా పద్ధతి నిర్దోషమని దీని అర్థం కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ చోదకులు 1963లో తమ పాత జాతీయసంఘం నుండి విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు. అది నేటికీ ఉంది. యూఎస్ ఎయిర్‌వేస్ ఉదంతం దీనికి భిన్నమైనది. అమెరికా వెస్ట్‌తో విలీనమైన తరువాత సీనియారిటీ జాబితాపై 2007లో మధ్యవర్తి ఇచ్చిన తీర్పు తమకు నష్టమని భావించిన పాత యూఎస్ ఎయిర్‌వేస్ చోదకులు, సంఖ్యలో తామే ఎక్కువ కావడంతో, 2008లో ఎన్నిక ద్వారా పాత సంఘాన్ని తొలగించి కొత్తదానిని నిలిపారు. అమెరికా వెస్ట్ నుండి వచ్చినవారు ఆ సంఘంలో శాశ్వత అల్పసంఖ్యాకులై న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనం తరువాత, 2014లో, ఆ కొత్త సంఘం స్థానంలోకి మరొక సంఘం వచ్చింది. సీనియారిటీ తగాదా మాత్రం అప్పటికీ తెగలేదు. సంఘాన్ని మార్చే అధికారం అధికసంఖ్యాకులది అయినప్పుడు, వారిచేత ఓడిన అల్పసంఖ్యాకుల గతి ఏమిటన్న ప్రశ్నకు ఏ పద్ధతీ పూర్తి సమాధానం చెప్పలేదు. సింగరేణిలో ఏరియా ప్రాతినిధ్య సంఘమన్న ఏర్పాటు ఈ విషయంలో కొంత నయం. 2023లో కంపెనీ గుర్తింపు ఏఐటీయూసీకి దక్కినా, 11 ఏరియాల్లో ఆరింటిలో ప్రాతినిధ్యం ఐఎన్‌టీయూసీకి వచ్చింది.

7. ఓటరు ఎవరు, సగం ఎంత?

2017లో ఓటర్ల సంఖ్య 52,534. 2023లో 39,773. ఆరేళ్లలో దాదాపు 13 వేలమంది ఓటర్లు తగ్గారు. బొగ్గు ఉత్పత్తి మాత్రం ఆ దామాషాలో తగ్గలేదు. ఓపెన్‌కాస్టు తవ్వకాల్లో మట్టి తీసే పని, రవాణా, పారిశుద్ధ్యం, భద్రత వంటి పనుల్లో కాంట్రాక్టు కార్మికులు వేల సంఖ్యలో ఉన్నారు. వారికి గుర్తింపు ఎన్నికలో ఓటు లేదు. ఓటుపెట్టె వచ్చినప్పుడు అది గనుల్లో పనిచేసేవారిలో అత్యధికుల గొంతు. నేడు అలా చెప్పగలమా అన్నది సందేహమే. పనిచేయని సంఘాన్ని మార్చుకునే మార్గం లేనివారు, మార్చడానికి అసలు సంఘమే లేనివారు ఒకే గేటులోంచి పనికి వెళ్తున్నారు.

మరొక అంశం 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన ఈ స్మృతి సంఘాల గుర్తింపుకు తొలిసారి చట్టబద్ధత కల్పించింది. 51 శాతం కార్మికుల మద్దతు ఉన్న సంఘమే ఏకైక చర్చాసంఘం. ఏ సంఘానికీ అంత బలం లేకపోతే 20 శాతానికి తక్కువ కాకుండా మద్దతు ఉన్న సంఘాలతో చర్చామండలి ఏర్పడుతుంది. ఈ కొలతతో సింగరేణి గతాన్ని చూస్తే, 2017లో గెలిచిన సంఘానికీ, 2023లో గెలిచిన సంఘానికీ మొత్తం ఓటర్లలో సగం మంది మద్దతు లేదు. పాత పద్ధతిలో ఎక్కువ ఓట్లు వచ్చిన సంఘం ఒంటరిగా బాధ్యత వహించేది. రెండేళ్లకో ఆరేళ్లకో ఆ బాధ్యతను ఓటు నిలదీసేది. మండలి పద్ధతిలో 2023 ఫలితం ప్రకారం ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ రెండూ పక్కపక్కన కూర్చోవలసి వస్తుంది. 1998 నుండి ఒకదాన్నొకటి ఓడిస్తూ వచ్చిన ఈ రెండు సంఘాలు కలిసి సంతకం చేసిన ఒప్పందం కార్మికునికి నచ్చకపోతే, తరువాతి ఎన్నికలో అతడు ఎవరికి వ్యతిరేకంగా ఓటు వేయాలన్నది ఆ స్మృతి చెప్పని విషయం.